ఎమ్మిగనూరు ఎగురు

“ఎగరకుంటే నేను గ్రౌండుకి రాను. అంతే!”

చక్రధర్ ఆ మాట అనడం పొద్దుటి నుంచి ఎన్నోసారో లెక్కపెట్టడం ఆయన భార్య రేణుక ఎప్పుడో మానేసింది. ఆయన ముందున్న పళ్ళెంలో బొరుగుల ఉగ్గాని చల్లారిపోయింది. మిరపకాయ బజ్జీలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఇండియా క్రికెట్ జట్టు తరఫున ఏళ్ళ తరబడి బంతి విసిరి, ఎందరో మొనగాళ్ళను గడగడలాడించిన మనిషి, సొంతింట్లో పిడికెడు ఉగ్గాని మీద అలిగి కూర్చున్నాడు!

గడప అవతల హారతి బూట్ల లేసులు కట్టుకుంటోంది. కట్టిన లేసు విప్పి మళ్ళీ కడుతోంది. పదిహేడేళ్ళ పిల్ల. ఇవాళ బళ్ళారి కంటోన్మెంటులో మ్యాచ్. రాష్ట్రం ఆడపిల్లల అండర్ నైన్టీన్ జట్టుకు ఎవరు పోతారో తేల్చే మ్యాచ్. బెంగళూరు నుంచి సెలెక్టర్లు రాత్రే వచ్చి దిగారు.

“రాకుంటే పో నాన్నా. ఎవురు రమ్మన్యారు?” అంది, తల ఎత్తకుండా.

ఎవరు రమ్మన్నారంటే, తనే. ముందు వరసలో కూర్చోవాలి, నేను బౌలింగ్ వేసేటప్పుడు ఫోన్ చూడకూడదు అని వారం రోజులుగా ఆయన వెంటపడి మాట తీసుకున్నది తనే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కానీ కోపంలో ఉన్న ఆడపిల్లకు పాత మాటలు గుర్తు చేసే ధైర్యం ఎవరికుంది?

రాత్రి ఫోనులో ఆ వీడియో రాకపోయి ఉంటే ఈ రగడే లేదు. బళ్ళారి నెట్స్‌లో హారతి బౌలింగ్ వేస్తుంటే కోచ్ సౌభాగ్య తీసిన వీడియో అది. పిల్ల పరుగెత్తుకొచ్చింది, బంతి విసిరింది, స్టంపు పడింది. ఏ తండ్రయినా మురిసిపోవాల్సిన దృశ్యం. చక్రధర్ మాత్రం ఫోను బల్లమీద బోర్లించి, “ఎగురు ఏదీ?” అన్నాడు.

ఎగురు అంటే ఈ బళ్ళారి జిల్లాలో చెప్పాల్సిన పనిలేదు. చక్రధర్ బౌలింగుకు పరుగెత్తుకొస్తూ, క్రీజు ఇంకా కొన్ని అడుగుల దూరంలో ఉందనగా, ఉన్నట్టుండి ఒక్క ఎగురు ఎగిరేవాడు. ఎందుకు ఎగురుతాడో ఏ పండితుడికీ అంతుపట్టలేదు. టీవీవాళ్ళు తెరమీద గీతలు గీసి, బాణాలు పెట్టి, గంటలు గంటలు చర్చించారు. ఆయన్నే అడిగితే రెండు చేతులూ జోడించి, “మాది కిష్కింధ సీమ. ఆ ఎగురు ఆంజనేయస్వామి పెట్టిన భిక్ష” అనేవాడు. ఇంకేముంది! కంప్లి నుంచి సిరుగుప్ప దాకా బంతి పట్టిన ప్రతివాడూ స్వామికి దణ్ణం పెట్టుకుని ఎగిరాడు. హారతి అయితే నడక వచ్చిన కొత్తలోనే ఎగిరింది.

“నోబాళ్ళు పడితే పడనీ! నాకు పడలేదా?” అన్నాడు చక్రధర్.

“నీకు ఎప్పుడో ఒకటి పడతాండె. నాకు ఓవరుకొకటి పడతాండాది. ఎగిరితే నా కాలు యాడ పడతాదో నాకే తెలీదు నాన్నా! ఎగిరి దిగేలోపల స్పీడంతా పోతాండాది. సౌభాగ్య మేడం చెప్పింది...”

“ఆయమ్మ దేశానికి ఎన్ని వికెట్లు తీసింది?”

“ఎన్నన్నా తీయనీ. ఆయమ్మ నన్ను చూసి చెప్పింది. నువ్వు నిన్ను చూసి చెప్తాండావు.”

వంటింటి గుమ్మంలో రేణుక చేతిలోని గరిటె ఆగిపోయింది. వరండాలో తమలపాకుకు సున్నం రాసుకుంటున్న నాగలక్ష్మమ్మ, చక్రధర్ తల్లి, వేలు ఆకు మీదే ఉంచి ఇటు చూసింది.

“ఇద్దురూ సాకు, ఇంక చాలు!” అంది రేణుక. “ఏమప్పా, టైమెంతయిందో తెలుసునా? బళ్ళారి చేరేకే శానాసేపు పడతాది. తినేదుంటే తిను, లేకుంటే లెయ్. పాపా, నువ్వూ అంతే. రాత్రి నుంచి పస్తు ఉండి బంతి ఎట్ల ఏస్తావే?”

తండ్రీ కదల్లేదు, కూతురూ కదల్లేదు.

అంతలో వాకిట్లో ట్రాక్టరు హారను మోగింది. హంపేశ్ వచ్చాడు. చక్రధర్ మిల్లులో ట్రాక్టరు తోలే మనిషి, ఊరి జట్టు ఎమ్మిగనూరు లెవెన్‌కు ఒకప్పటి ఓపెనింగ్ బౌలరు, పైగా ఊళ్ళో చక్రధర్ అభిమానులకు పెద్దదిక్కు. ట్రాలీలో ఊరు ఊరంతా కూర్చుని ఉంది. ముందువైపు ఇంత ఫ్లెక్సీ. అందులో ఒక పక్క చక్రధర్ గాల్లో ఎగురుతున్నాడు, ఇంకో పక్క హారతి గాల్లో ఎగురుతోంది. మధ్యలో పూలదండ వేసుకున్న ఆంజనేయస్వామి.

“ఏం చక్రన్నా, ఇంకా బయల్దేరల్యా? ఈళ్ళంతా పాప ఎగురు చూసేకి కోడి కూయకముందే లేసి రెడీ అయినారప్పా!”

చక్రధర్ కూతురి వైపు తిరిగి, ఆ ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించాడు. “చూస్తివా? నేనొక్కన్ని గాదు. ఈళ్ళందరికీ ఏం జవాబు చెప్తావో చెప్పుకో పో.”

హారతి ఫ్లెక్సీ చూసింది. గాల్లో ఉన్న తన బొమ్మను చూసింది. అంతదాకా బిగబట్టిన పిల్ల బావురుమంది. బూటు కాలితో గడపను ఒక్క తన్ను తన్ని, మోచేత్తో ముఖం కప్పుకుని ఏడ్చింది. “నన్ను ఆడనీ నాన్నా! ఒక్క దినమన్నా నన్ను నా మాదిరి ఆడనీ!”

నాగలక్ష్మమ్మ తమలపాకు పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, నేరుగా వచ్చి కొడుకు ఎదురుగా నిలబడింది.

“చక్రా, ఇంక ఆ స్వామి పేరు ఎత్తొద్దురా. పాపం తగులుతాది.”

“ఏందమ్మా నువ్వు గూడా?”

“ఎగురంట ఎగురు! మన కళ్ళం నడాన పిల్లకాలువ పోతాండె గదరా! మరిస్తివా? పరిగెత్తేకి నీకు జాగా చాలకపాయ. గొడ్ల కొట్టం కాడి నుంచి మొదలు పెడ్తాంటివి. నడాన కాలువ. ఎగరకుంటే నీళ్ళల్లో పడతావు. పడితివి గూడా! నీకు గుర్తు లేదేమో, నిక్కర్లు పిండినదాన్ని, నేనెట్ల మరుస్తా?”

ట్రాలీలోవాళ్ళు వినడానికి ముందుకు వంగారు.

“నువ్వు స్టేట్ టీముకు పోయిన ఏడు మీ నాయన దానికి పైపు ఏయించి సిమెంటు పోయించె. కాలువ పాయ, నీ ఎగురు మాత్రం పోల్యా. స్వామి భిక్ష అంట! స్వామికేం పనిలేదా, నీకు కాలువలు దాటేది నేర్పిచ్చుకుంటా కూచునేకి?”

ముందుగా రేణుక ఆపుకోలేకపోయింది. గరిటె నోటికి అడ్డం పెట్టుకుంది కానీ, నవ్వు గరిటెకు ఆగుతుందా? భుజాలు కదిలాయి, గాజులు గలగలలాడాయి, చివరికి గోడకు ఆనుకుని ఒకటే నవ్వు. హారతి మోచెయ్యి దించి చూసింది. కళ్ళలో నీళ్ళు అట్లాగే ఉన్నాయి, పెదాలు మాత్రం మాట వినడం లేదు.

వాకిట్లోంచి హంపేశ్ గొంతు జాలిగా వినిపించింది. “జేజీ... అయితే నేను పెండ్లయ్యేదాకా ఎగిరింది కాలువకా? మడమ ఇరగ్గొట్టుకుంటినే! శనివారాలు ఉపాసం గూడా ఉంటినే!”

“నిన్ను ఎవురు ఎగరమన్యారురా హంపేశ్? మీ ఇంటికాడ కాలువ ఉండాదా ఏమి?”

ట్రాలీ మొత్తం గొల్లుమంది.

“ఇన్నేండ్లు చెప్పకపోతివి గదమ్మా,” అన్నాడు చక్రధర్ మెల్లగా. ఆయన ఒక్కడే నవ్వలేదు.

“టీవీలో అంత చక్కగా చెప్తాంటివి. దేశమంతా ఇంటాండె. నడాన నేను పోయి నిక్కర్ల సంగతి చెప్పేదా? నీ ఎగురు నీకు కలిసొచ్చె, మంచిదే. పిల్ల ఏడుస్తాంటే ఊరుకునేకి మాత్రం నేను రాయి గాదు.”

చక్రధర్ లేచాడు. ఎవరి వైపూ చూడకుండా పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

నవ్వులన్నీ టక్కున ఆగిపోయాయి. రేణుక పళ్ళెం వైపు చూసింది. నాగలక్ష్మమ్మ మనవరాలికి కళ్ళతో సైగ చేసింది, వెళ్ళు అని. ఆ ఇంట్లో అలిగినవాళ్ళ దగ్గరికి పెద్దవాళ్ళు పోరు, చిన్నవాళ్ళనే పంపుతారు. పెద్దవాళ్ళు పోతే అలక ఇంకా ముదురుతుందని వాళ్ళ అనుభవం.

పెరట్లో కళ్ళం నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటి అంచున, సిమెంటులో పాత అతుకు ఒకటి అడ్డంగా కనిపిస్తుంది. చక్రధర్ చెప్పులు విడిచి, ఒట్టి కాళ్ళతో ఆ అతుకు మీద నిలబడి ఉన్నాడు.

“కోపమొచ్చెనా నాన్నా?” హారతి కాస్త దూరంలోనే ఆగింది.

“ఈడ్నే పాపా. కరెక్టుగా ఈడ్నే.” ఆయన బొటనవేలితో సిమెంటును రాశాడు. “నీళ్ళు జిల్లుమంటాండె. ఒడ్డున గడ్డి జారతాండె. మీ జేజి చెప్పింది నిజమే.”

“నిజంగా మరిచిపోయింటివా?”

“మొదట్లో తెలుసు. ఎవురో పెద్ద పేపరాయన అడిగినాడు. ఆయప్ప ఇంగ్లీషు, ఆయప్ప కోటు! కాలువ దాటతాంటి సార్ అని చెప్పేకి నామోషీ అనిపిచ్చె. నోటికి స్వామి పేరు వచ్చె. చెప్పి చెప్పి, నాకే అది నిజమయిపాయ.”

హారతి దగ్గరికి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆయన ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

“నువ్వు ఇంత ఉన్నప్పుడు ఈడ్నే ప్లాస్టిక్ బాలు పట్టుకుని ఎగిరితివి. దినామూ టీవీలో చూసి నేర్చుకున్యావు. నాకు ఏడుపొచ్చె తెలుసునా! నా బిడ్డ, నా ఎగురు అనుకుంటి. ఇప్పుడు నువ్వు దాన్ని తీసేస్తివి. ఇంక నీలో నాది అనేది ఏముంటాది పాపా?”

అదీ సంగతి. రాత్రి మొదలై, పొద్దున ఉగ్గాని పళ్ళెం ముందు కూర్చున్న అలక వెనకాల ఉన్నది ఈ ఒక్క ముక్కే. మగవాళ్ళు ఇంత చిన్న మాట చెప్పడానికి ఇల్లంతా పీకి పందిరి ఎందుకు వేస్తారో ఆ కిష్కింధ స్వామికే తెలియాలి.

హారతి కూడా బూటు మొనతో ఆ అతుకును రాసింది. “అలిగి తిండి మానేసేది ఉండాది గదా,” అంది. “నేను గూడా రాత్రి నుంచి ఏమీ తినల్యా.”

చక్రధర్ తల తిప్పి చూశాడు. అదే ముక్కు, అదే మొండి గడ్డం, ఏడ్చి ఎర్రబడిన కళ్ళు. ఆయన నవ్వు ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత కడుపులోంచి వచ్చింది. వంటింట్లో ఉన్న రేణుక ఆ నవ్వు విని, పొయ్యి మీద మళ్ళీ మూకుడు పెట్టింది.

“ఒక్క బంతి ఎయ్,” అన్నాడాయన. “నా కండ్లతో నేను చూడల్ల. హంపేశా! వడ్లు పక్కకి తొయ్యప్పా, జల్ది!”

హంపేశ్‌తో పాటు ట్రాలీలో వాళ్ళంతా పెరట్లోకి ఉరికారు. చెక్కపలకలతో వడ్లు అటూ ఇటూ తోసి దారి చేశారు. ఒక ప్లాస్టిక్ కుర్చీ స్టంపులయింది. చక్రధర్ అటక మీది బ్యాటు దులిపి, పంచె ఎగ్గట్టి నిలబడ్డాడు. బౌలరే అయినా, పెద్దపెద్ద బౌలర్లను ఎదుర్కొన్న చెయ్యి అది. ఒక ఆడపిల్ల బంతికి ఓడతాడా?

హారతి గొడ్ల కొట్టం దగ్గర నుంచి బయలుదేరింది. పాత అతుకు వచ్చింది. ఎగరలేదు. దాని మీదుగా అట్లాగే పరుగెత్తుకుంటూ వచ్చేసింది.

చక్రధర్ బ్యాటు దించేసరికి కుర్చీ వెళ్ళి వడ్ల కుప్పలో పడింది.

“అమ్మా, సచ్చినానే!” అని కేకపెట్టాడాయన. బ్యాటు పారేసి, పరుగెత్తుకెళ్ళి కూతుర్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. పదిహేడేళ్ళ పిల్లనని హారతి మొత్తుకుంటున్నా దించలేదు. “బంతి వచ్చింది నాకు కనపడలేదే! హంపేశా, నీకు కనపడిందా?”

“కుర్చీ పడింది కనపడె అన్నా,” అన్నాడు హంపేశ్.

తర్వాత తండ్రీ కూతుళ్ళు ఒకే పళ్ళెంలో, నిలబడే, వేడివేడి బజ్జీలు తిన్నారు. రేణుక వెనకనుంచి బేగ బేగ అని తరుముతూనే ఉంది. ఫ్లెక్సీ మాత్రం ట్రాక్టరుకు అట్లాగే ఉండిపోయింది. దాన్ని విప్పే తీరిక ఎవరికుంది?

కంటోన్మెంటు గ్రౌండులో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చక్రధర్ వచ్చాడని తెలిసి జనం గోడలెక్కారు. ఆయన ఇచ్చిన మాట ప్రకారం ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన నాగలక్ష్మమ్మ, ఆమె పక్కన రేణుక.

కోచ్ సౌభాగ్య గబగబా వచ్చింది. పొట్టిగా, ఎండకు నల్లబడి, మెడలో విజిలు వేసుకున్న మనిషి. “నమస్కార సార్. ఒక్క రిక్వెస్టు. మీరు కూర్చోండి, చప్పట్లు కొట్టండి. సైగ మాత్రం బేడ సార్, వద్దు. ఆ పిల్ల మీ చెయ్యి చూసుకుంటా పరిగెత్తుతుంది.”

“చెయ్యను మేడం,” అని చక్రధర్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. నాగలక్ష్మమ్మ ఆ చేతుల్ని ఒకసారి చూసి, నమ్మకం లేక, తన చెయ్యి కూడా పైన వేసింది.

కొత్త బంతి హారతికిచ్చారు. ఆమె గుర్తు దగ్గరికి నడుస్తుంటే గోడల మీద నుంచి, చెట్ల మీద నుంచి ఒకటే గోల. “ఎగురూ! ఎగురూ! ఎగురూ!” ఎమ్మిగనూరు జనానికి కాలువ సంగతి తెలుసు కానీ, బళ్ళారి జనానికి తెలియదు కదా. వాళ్ళు లయ తప్పకుండా తాళం వేస్తున్నారు.

హారతి పరుగెత్తింది. ఆ కేకకు కాలు ఒక్క క్షణం తడబడింది. సగం ఎగిరింది, సగం ఎగరలేదు. బంతి ఎక్కడో దూరంగా పోయింది. వైడు.

రెండో బంతికి కాలు గీత దాటింది. నోబాలు. తర్వాతి బంతి ఫ్రీహిట్. ఆ బంతికి స్టంపులు మూడూ పడినా బ్యాటరు అవుటు కాదు. ఇంకేం, ఎదురుగా ఉన్న పిల్ల బ్యాటు పైకెత్తి నవ్వుతూ నిలబడింది.

హారతి తండ్రి వైపు చూసింది. ఆమెతో పాటు గోడల మీది జనమూ అటే చూశారు. టెంటు కింద కూర్చున్న సెలెక్టర్లు కూడా మెడలు తిప్పి అటే చూశారు.

చక్రధర్‌కు అప్పుడు అర్థమైంది. తన ముఖంలో ఇప్పుడు ఏముందో తనకు తెలియదు. కోపమున్నా, ప్రేమ ఉన్నా, భయమున్నా, ఆ పిల్ల దాన్ని నెత్తిన పెట్టుకుని పరుగెత్తాల్సిందే. ఆయన లేచాడు. ప్లాస్టిక్ కుర్చీని ఎత్తి, అటు తిప్పి వేసి, గ్రౌండుకు వీపు పెట్టి కాంపౌండు గోడ వైపు ముఖం చేసి కూర్చున్నాడు.

“ఏందిరా ఇది?” అంది నాగలక్ష్మమ్మ.

“నువ్వు చూడమ్మా. నేను ఇంటాను.”

జనం గోల తగ్గి, గుసగుసలయింది. ఎవరో ఈల వేయబోయి మానేశారు. చక్రధర్ కళ్ళు మూసుకున్నాడు. బూట్ల చప్పుడు వినిపించింది. దూరంగా మొదలై, దగ్గరయి, ఆగకుండా, ఎక్కడా ఎగరకుండా.

టప్పుమని కొయ్య విరిగినట్టు చప్పుడు.

ఆ వెంటనే ఎంత కేక! గోడల మీదివాళ్ళు కిందికి దూకారు. ట్రాక్టరు హారను ఆగకుండా మోగుతోంది.

“ఏమాయ?” అన్నాడు చక్రధర్. నాగలక్ష్మమ్మ అప్పటికే లేచి నిలబడింది. “అమ్మా, ఏమాయ? బ్యాటా, స్టంపా?” పక్కన నిలబడ్డ ఎవరో కుర్రాడి చొక్కా పట్టుకుని అడిగాడు. “ఏమాయప్పా?” ఆ కుర్రాడు చొక్కా విడిపించుకుని ముందుకు ఉరికాడు. అడిగింది ఎవరో కూడా చూడలేదు. చక్రధర్ అడిగితే జవాబు చెప్పనివాడు బళ్ళారిలో ఉండటం ఇదే మొదలు.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

మధ్య స్టంపు దూరంగా కీపరు కాళ్ళ దగ్గర పడి ఉంది. ఇందాక నవ్విన పిల్ల బ్యాటు చేత్తో పట్టుకుని, స్టంపు ఉండాల్సిన చోటును చూస్తోంది. అవుటు కాదు, అవుటు కాదు అని అంపైరు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఎవరూ వినడం లేదు. టెంటు కింద ఒక సెలెక్టరమ్మ టీ గ్లాసు చేత్తో పట్టుకునే లేచి నిలబడింది, తాగడం మరిచిపోయి.

హారతి ఇటు చూడలేదు. చెయ్యి చాపి, “బాల్ ఇయ్యండక్కా, బేగ!” అని అరుస్తోంది.

“నా దిక్కు చూడలేదమ్మా అది!” అన్నాడు చక్రధర్. ఆయన ముఖం వెలిగిపోతోంది. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

“చూసేకి నీ మొగంలో ఏముండాదిరా? కూచో. ఇంకా ఓవరు అయిపోల్యా.”

ఆయన కుర్చీ మీద చెయ్యి వేశాడు. దాన్ని ఇటు తిప్పుకోవాలో, అటే ఉంచాలో తేల్చుకోలేక అట్లాగే నిలబడిపోయాడు. హారతి అప్పటికే పరుగు మొదలుపెట్టింది.